దివానియా గోడ మీది పాత తుపాకీకి కొత్త మెరుపు

కువైట్‌లో డ్రైవరుగానో వంటమనిషిగానో ఇంటి వీసా మీద వచ్చిన మన రాజంపేట, రాయచోటి, కోనసీమ వాళ్ళకి ఎప్పుడో ఒకప్పుడు ఈ అవకాశం తగులుతుంది. దివానియాలో, అంటే అతిథుల్ని కూర్చోబెట్టే గదిలో, గహ్వా (అరబ్బీ కాఫీ) పోస్తూ ఉంటారు. ఇంటి యజమాని, అదే మన బాబా, దిండుకి ఆనుకుని గోడ వైపు చెయ్యి చూపిస్తాడు. అక్కడ రెండు కత్తుల మధ్య వాళ్ళ ముత్తాత తుపాకీ వేలాడుతూ ఉంటుంది. దుమ్ము పట్టింది, దించి తుడిచి పెట్టమంటాడు. తుడవమన్నాడు కదా అని గుడ్డతో తుడిచి మళ్ళీ తగిలించేసేవాడు జీవితాంతం గహ్వా పోస్తూనే ఉంటాడు. తెలివైనవాడు దాన్ని కొత్తదానిలా మెరిపించి చూపిస్తాడు.

మ్యూజియం వాళ్ళు ఇలాంటి పనికి నెలలు తీసుకుంటారు. మనకి ఒక శుక్రవారం మధ్యాహ్నం చాలు. భోజనం అయ్యాక మొదలుపెడితే మగ్రిబ్ నమాజు వేళకి మన చెయ్యి ఖాళీ అవ్వాలి, నానేదీ ఎండేదీ దానంతటదే అవుతుంది. కింది చిట్కాలు వరసగా పాటించండి. ఎక్కడ సందేహం వచ్చినా, ఏది తక్కువ శ్రమో అదే సరైన దారి అనుకోండి.

1. ముందు అదేమిటో తెలుసుకోవద్దు.

మీ చేతికి వచ్చింది మార్టినీ-హెన్రీ అనుకుందాం. 1871లో బ్రిటిష్ సైన్యం తీసుకున్న రకం. ట్రిగ్గరు వెనకాల పొడుగాటి మీట ఉంటుంది. దాన్ని కిందికి లాగితే లోపలి గది తెరుచుకుంటుంది. ఒక్కసారికి ఒక్కటే తూటా. కుడి పక్కన ఇనుము మీద కిరీటం, దాని కింద విక్టోరియా రాణి పేరిట వి.ఆర్. అనే అక్షరాలు, ఫ్యాక్టరీ పేరు, సంవత్సరం, రకం నంబరు కొట్టి ఉంటాయి. సైన్యాలు కొత్త తుపాకులకి మారిపోయాక ఈ పాతవన్నీ మస్కట్ వ్యాపారుల చేతుల మీదుగా ఈ తీరాలకి వచ్చి పడ్డాయి. ఆయుధాల ఎగుమతి దిగుమతులు ఆపేస్తానని కువైట్ షేక్ ముబారక్ 1900 మే 24న బ్రిటిష్ వాళ్ళకి రాసిచ్చాడు. ఆ తర్వాత కూడా ఈ సముద్రంలో దొంగచాటు పడవలు తిరుగుతూనే ఉన్నాయి. అందుకే ఈ తుపాకుల మీది ఒక్కో గుర్తూ చదివితే అది ఎక్కడ పుట్టిందో, ఏ పటాలం మోసిందో, ఎన్ని చేతులు మారిందో తెలుస్తుందని సేకరించేవాళ్ళు భూతద్దాలు పట్టుకుని కూర్చుంటారు.

మీరు ఆ పని పెట్టుకోకండి. చదవడం మొదలుపెడితే వస్తువు మీద గౌరవం పుడుతుంది. గౌరవం పుడితే చెయ్యి ఆగుతుంది. చెయ్యి ఆగితే సెలవు కాస్తా పోతుంది. పని మొదలుపెట్టే ముందు ఫోటో కూడా తీయకండి. ముందెలా ఉందో రుజువు లేకపోతే, తర్వాత ఎలా ఉన్నా బాగుపడినట్టే.

2. లోపల తూటా ఉందేమోనని చూడటం మానెయ్యండి.

తుపాకీ తెలిసిన ప్రతివాడూ మొదట చెప్పేది ఒకటే మాట: ఖాళీ అని కళ్ళతో చూసేదాకా నిండుగానే ఉందనుకో, గొట్టం ఎవరి వైపూ తిప్పకు. మార్టినీకి బయట సుత్తి ఉండదు కాబట్టి కుడి పక్కన నీటి చుక్క ఆకారంలో చిన్న ముక్క పెట్టారు. అది ఎటు వాలి ఉందో చూస్తే తుపాకీ ఎక్కుపెట్టి ఉందో లేదో తెలుస్తుంది. మీట లాగి గదిలోకి తొంగి చూడటానికి అర నిమిషం పడుతుంది.

అర నిమిషం అంటే తక్కువేం కాదు. పైగా మన లెక్క గట్టిది: ఇన్నేళ్ళుగా గోడకి వేలాడుతున్నది ఖాళీగా కాక ఎలా ఉంటుంది? ఆ ధీమాతో ట్రిగ్గరు ఒకసారి నొక్కి చూడండి. ఏమీ కాకపోతే మీ మాటే నిజం. పేలిందనుకోండి, దివానియా పైకప్పుకి గుప్పెడంత బొక్క పడుతుంది, దీపాల గుత్తి సగం రాలుతుంది. ఏసీ మెకానిక్ వచ్చి పోయాడని చెప్పండి. వారం పాటు మీ చెవుల్లో గుయ్యిమంటుంది కాబట్టి ఇంటి యజమానురాలు మామా ఎంత పిలిచినా వినబడదు. ఆ వారం అంతా విశ్రాంతే.

3. విప్పడానికి వంటింటి కత్తి వాడండి.

ఆ కాలపు మరల గాడి సన్నగా, లోతుగా ఉంటుంది. దానికి అతికినట్టు సరిపోయే స్క్రూడ్రైవరు సానబెట్టుకోవాలని నిపుణులు చెబుతారు. కూరలు కోసే కత్తి మొన ఏ గాడిలోనైనా దూరుతుంది. బలంగా తిప్పండి. జారితే ఇనుము మీద గీత పడుతుంది. ఇంకా బలంగా తిప్పండి. మర తల అరిగి గుండ్రంగా అయిపోయిందంటే పని పక్కాగా అయినట్టే. ఇక ముందు ఏ నిపుణుడూ దాన్ని విప్పలేడు, లోపల మీరేం చేశారో ఎవరికీ తెలియదు.

లోపల చుట్టల స్ప్రింగు ఒకటి ఉంటుంది. అది ఎగిరి సోఫా కిందికి పోతుంది. వెతకొద్దు. వంగితే నడుము పట్టేస్తుంది. మళ్ళీ బిగించాక రెండు మూడు ముక్కలు మిగిలిపోవడం మామూలే. చాయ్ డబ్బాలో వేసి మూత పెట్టండి. అడిగితే అప్పట్లో కంపెనీవాళ్ళు ఎక్కువే ఇచ్చేవారని చెప్పండి.

4. తుప్పు మీద దయ చూపొద్దు.

ఇది అన్నిటికంటే ముఖ్యమైన చిట్కా, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

పాత ఇనుము మీద రెండు రకాల రంగులుంటాయి. ఒకటి గోటితో గీకితే పొడిలా రాలే ఎర్ర తుప్పు. ఇనుమును తినేసేది అదే. రెండోది నలుపుకీ గోధుమరంగుకీ మధ్యలో నున్నగా పట్టి ఉండే పొర. ఫ్యాక్టరీలో కావాలని పట్టించిన నలుపు, దాని మీద నూరేళ్ళ చేతి చెమట, నూనె, గాలి కలిసి ఏర్పడింది. ఆ పొర ఇనుముకి చర్మం, దాన్ని ముట్టుకోవద్దు, ఎర్ర తుప్పును మాత్రం నూనెలో తడిపిన సన్నటి ఉక్కు పీచుతో మెల్లగా తియ్యాలి అని బాగుచేసేవాళ్ళు అంటారు. ఇంకా ఓపిక ఉన్నవాళ్ళు ఇనుప భాగాన్ని శుభ్రమైన నీళ్ళలో మరిగిస్తారు. మరుగుతున్న నీళ్ళలో ఎర్ర తుప్పు నల్ల తుప్పుగా మారుతుంది. అది ఇనుముని తినదు, కాపాడుతుంది. మరిగించి, రుద్ది, మళ్ళీ మరిగించి, మళ్ళీ రుద్దుతూ రోజులు గడుపుతారు.

ఎర్రదా నల్లదా అని ఏరుకుంటూ కూర్చునే తీరిక మనకెక్కడిది? రెండూ మురికే. ముందు గొట్టాన్ని వెనిగర్‌లో నానబెట్టండి. వెనిగర్ ఆ నలుపు మొత్తాన్ని నమిలేస్తుంది. చాలకపోతే కోకాకోలా పోయండి, అందులో ఫాస్ఫారిక్ ఆమ్లం ఉంది. రాత్రంతా నానితే ఇనుము బూడిద రంగులోకి తిరిగి గరుకుగా తేలుతుంది. అప్పుడు షువైక్ షెడ్లలో పనిచేసే మనవాడినెవరినైనా పట్టుకుని, గ్రైండరుకి బఫింగ్ చక్రం తగిలించి, నిప్పురవ్వలు లేచేదాకా పట్టించండి. అంచులన్నీ గుండ్రబడాలి. మొహం చూసుకునేంత మెరవాలి. స్టీలు గిన్నెలాగా.

కిరీటం, వి.ఆర్., సంవత్సరం, నంబరు అన్నీ గ్రైండరు కింద చెరిగిపోతాయి. పోనివ్వండి. లాభం ఎంతుందో చూడండి. పాకిస్తాన్ సరిహద్దులో దర్రా ఆదమ్ ఖేల్ అనే ఊళ్ళో ఇళ్ళ ముందు కూర్చుని ఆకురాయితో తుపాకులు చేసే పనివాళ్ళున్నారు. వాళ్ళు బ్రిటిష్ ముద్రలు కూడా చూసి చెక్కేవారు. ఇంగ్లీషు రానందున కొన్నిటి మీద అక్షరాలు తిరగబడ్డాయి. విక్టోరియా రాణి 1901 జనవరిలో చనిపోతే, ఆ తర్వాతి సంవత్సరాలు వేసి కూడా వి.ఆర్. అని కొట్టేశారు. ఆ తప్పుల్ని బట్టే సేకరించేవాళ్ళు నకిలీని పట్టుకుంటారు. మీ తుపాకీ మీద అక్షరమే లేకపోతే నకిలీ అని ఎవరు పట్టుకుంటారు? అసలుదని మాత్రం ఎవరు నిరూపిస్తారు? అసలుకీ నకిలీకీ ఒకే ధర పలికే స్థితికి తెచ్చారంటే మీ గ్రైండరు పని పూర్తయింది.

5. చెక్కను తోలు వలిచినట్టు వలవండి.

వాల్‌నట్ చెక్క. దాని కుడి పక్కన, భుజానికి ఆనించే చోట, గుండ్రటి ముద్ర ఉంటుంది. ఏ కర్మాగారం ఎప్పుడు తీసుకుందో అందులో ఉంటుంది. చాలావాటి మీద తర్వాతి యజమానులు వెండి బిళ్ళలో ఇత్తడి మేకులో కొట్టించుకుంటారు. సొట్ట పడ్డచోట తడిగుడ్డ వేసి వేడి ఇస్త్రీపెట్టె ఆనిస్తే ఆవిరికి నారలు ఉబ్బి సొట్ట పైకి లేస్తుందనీ, చెక్క ఒక పొర కూడా పోదనీ తెలిసినవాళ్ళు చెబుతారు. నిజమే, లేస్తుంది. కానీ ఇస్త్రీ చెయ్యడం మనకి రోజూ ఉండే పనే. సెలవు రోజు కూడా ఇస్త్రీపెట్టె ముట్టుకోవడం ఏమిటి?

గరుకు కాగితంలో అన్నిటికంటే ముతకది తెచ్చి సొట్టలు మాయమయ్యేదాకా గీకండి. చెక్క లోపలికి పోయి ఇనుము బయటికి పొడుచుకొస్తుంది. బిళ్ళలు ఊడదీసి జేబులో వేసుకోండి. దాని మీద తలుపులకి వేసే వార్నిష్ మూడు కోట్లు వేయండి, మధ్యలో ఆరనివ్వకుండా. దుమ్ముగాలి లేచిన రోజున ఆరుబయట వేస్తే ఇసుక అతుక్కుని పట్టు బాగా దొరుకుతుంది.

6. అవిసె నూనె కోసం తిరగొద్దు.

బ్రిటిష్ సిపాయిలు ఈ చెక్కకి పచ్చి అవిసె నూనె పట్టించేవారు. పలచగా రాసి, అరచేత్తో వేడి పుట్టేలా రుద్ది, రోజుల తరబడి ఇంకనిచ్చేవారు. మీ వంటింట్లో నిన్న సమోసాలు వేయించిన మొక్కజొన్న నూనె ఉంది కదా. చెక్కకీ ఇనుముకీ మీటకీ అన్నిటికీ అదే. ధారగా పోయండి. వంటనూనె గాలి తగిలి కొన్నాళ్ళకి జిగురుగా, తర్వాత గట్టిగా మారుతుంది. మీట బిగుసుకుపోతుంది, ఇక తెరుచుకోదు. భద్రత దృష్ట్యా కావాలనే బిగించానని బాబాతో చెప్పండి. పిల్లలున్న ఇల్లు కదా. మెచ్చుకుంటాడు.

7. ఎండలో పెట్టండి.

కువైట్‌లో ఉచితంగా దొరికేది ఎండ ఒక్కటే, దాన్ని వృథా చేయకండి. ఉత్తరాన మిత్రిబాలో 2016 జూలై 21న 53.9 డిగ్రీలు నమోదైంది. ప్రపంచ వాతావరణ సంస్థ కూడా ఒప్పుకున్న లెక్క. అలాంటి నెలలో తుపాకీని కారు డిక్కీలో పెట్టి తాళం వేసి, నాలుగు రోజులు మర్చిపోండి. వాల్‌నట్ తడి కోల్పోయి ముడుచుకుంటుంది. ఇనుము ముడుచుకోదు కదా, అందుకని చెక్క మధ్యలో నిలువునా చీలుతుంది. ఆ చీలికలో ఫెవికాల్ నింపితే పైసా ఖర్చు లేకుండా పాతకాలపు అందం వస్తుంది.

8. దానికో కథ కట్టండి.

గుర్తులన్నీ పోయాయి కాబట్టి ఇప్పుడు ఏ కథ చెప్పినా చెల్లుతుంది. చిట్కాలన్నిటికీ ఫలితం ఇక్కడే. కువైట్‌లో చెప్పదగ్గ కథ జహ్రా యుద్ధం. 1920 అక్టోబరు 10న ఫైసల్ అల్ దువైష్ నాయకత్వంలో ఇఖ్వాన్ అనే మత యోధుల దండు మీద పడితే, కువైట్ పాలకుడు షేక్ సాలిమ్ అల్ ముబారక్ మనుషులు జహ్రాలోని ఎర్ర కోటలోకి చేరి నిలబడ్డారు. కోట ఇప్పటికీ ఉంది. గోడకి వేలాడే ప్రతి తుపాకీనీ ఆ కోట బురుజు మీదికి ఎక్కించండి.

అది ఏ రకం తుపాకీ అని చూసుకోనవసరం లేదు. ఏకే-47 అయినా సరే. ఆ రకాన్ని సోవియట్ సైన్యం తీసుకున్నది 1949లో కదా అని దివానియాలో ఏ ముసలాయనైనా గొణిగితే, "మా అదరీ (నాకు తెలీదు), బాబా చెప్పాడు" అని బాబా మీదికి తోసెయ్యండి. ముత్తాత పేరు తప్పు చెప్పినా ఫరవాలేదు. ఆ ఇంటి మనవళ్ళకే పదేళ్ళలో మీ కథ ఖాయమైపోతుంది. వాళ్ళు పోల్చి చూసుకోవడానికి ఇనుము మీద ఏమీ మిగల్లేదు.

9. సొంత సేకరణ కూడా మొదలుపెట్టండి, కానీ నడవకండి.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం వచ్చింది, 1991 ఫిబ్రవరి 26కి కువైట్ విముక్తమైంది. పోతూ పోతూ వాళ్ళు వదిలేసిన సామగ్రికి లెక్క లేదు. ముత్లా గుట్ట మీదుగా బస్రా వైపు పోయే 80వ నంబరు రోడ్డంతా కాలిన బండ్లే. ఎడారిలో మందుపాతరలు, గాల్లోంచి వేస్తే పేలని చిన్న బాంబులు మిగిలిపోయాయి. ఏడు దేశాల వాళ్ళు భాగాలు పంచుకుని ఏరారు, ఏరుతూ చాలామంది చనిపోయారు. బంగ్లాదేశ్ సైనికులు ఆ పని ఏళ్ళ తరబడి చేశారు. గట్టి వాన కురిస్తే ఇసుక కదిలి ఇప్పటికీ పైకి తేలేవి ఉంటాయి.

అవి ఏరుకోవడానికి బర్‌లోకి, అంటే ఎడారిలోకి, వెళ్ళాలా? అసలు వద్దు. ఇసుకలో నడిస్తే కాళ్ళు పీకుతాయి. చెప్పుల్లో ఇసుక పడుతుంది. మధ్యాహ్నం నిద్ర పోతుంది. బాబా వాళ్ళు చలికాలం గుడారం వేసినప్పుడు కూడా పొయ్యి దగ్గరనుంచి కదలకండి. ఇసుకలో ఇనుము ఏదైనా కనబడితే వంగకండి, తాకకండి, చాయ్ ఆరిపోతుందని చెప్పి వెనక్కి వచ్చెయ్యండి. మోసుకొచ్చే చాకిరీ పోలీసులకి ఫోన్ చేసి వాళ్ళ నెత్తిన పడెయ్యండి.

బదులుగా అల్ రాయ్‌లోని సూక్ అల్ జుమాకి బస్సెక్కండి. పాత సామాన్ల వరసలో మిలిటరీ బెల్టు, నీళ్ళ సీసా, ఇనుప టోపీ ఏది దొరికితే అది కొనండి. ఎక్కడిదని అడక్కండి. ఇరాక్ సైన్యం తన సొత్తు మీద త్రికోణంలో జీమ్ అనే అరబ్బీ అక్షరం కొట్టేది. మీ టోపీ మీద అది లేకపోతే మేకుతో గీసెయ్యండి. నీళ్ళ సీసా అడుగున మేడ్ ఇన్ చైనా అని స్టిక్కరు ఉంటే పీకెయ్యండి. టోపీకి పచ్చ పెయింటు రెండు కోట్లు వేస్తే లోపలి తోలు పట్టీ కూడా పచ్చగా అయి ఒకే సెట్టు అనిపిస్తుంది. ముత్లాలో నా చేత్తో తవ్వి తీశానని ఊరికి ఫోటో పంపండి.

10. భద్రపరచడంలో కువైట్ వాళ్ళనే చూసి నేర్చుకోండి.

జాబ్రియాలో తారిఖ్ రజబ్ మ్యూజియం ఉంది. ఇల్లు లాంటి చోట నేలమాళిగలో నగలు, రాతప్రతులు, ఆయుధాలు దాచిన సొంత సేకరణ. 1990లో సైనికులు ఊరంతా దోచుకుంటున్నప్పుడు ఆ ఇంటివాళ్ళు కిందికి దిగే దారికి గోడ కట్టేసి, మెట్ల మీద చెత్త పోశారు. వచ్చినవాళ్ళు చెత్త చూసి వెనక్కి పోయారు. నేషనల్ మ్యూజియాన్ని దోచుకుని తగలబెట్టారు, ఇది మాత్రం మిగిలింది. దీన్నిబట్టి మనం నేర్చుకోవలసింది గోడ సంగతి కాదు. గోడ కట్టాలంటే సిమెంటు కావాలి. చెత్త ఒక్కటే తీసుకోండి. మీ గదిలో మంచం కింద టోపీలూ సీసాలూ తోసి, వాటి మీద వారం నాటి కుబ్బుస్ రొట్టె ముక్కలు, చేప ముళ్ళు, తడి తువ్వాళ్ళు పోసి ఉంచండి. ఆగస్టు ఉక్కకి ఆ తడి కూడా తోడైతే ఇనుము మీద ఎర్రగా పూత పూస్తుంది. రూమ్మేట్లు ఎవరూ ఆ దరిదాపులకి రారు. శాశ్వత భద్రత.

ఖురైన్‌లో ఇంకో మ్యూజియం ఉంది, అది వేరే దారి పట్టింది. 1991 ఫిబ్రవరి 24న ఒక మామూలు ఇంట్లో కువైట్ ప్రతిఘటన దళం ఇరాక్ సైన్యంతో పోరాడింది. పన్నెండు మంది ప్రాణాలు పోయాయి. ఆ ఇంటిని తూట్లు పడ్డ గోడలతో, కూలిన కప్పుతో అలాగే అట్టిపెట్టారు. జనం వచ్చి ఒక్కో తూటు ముందూ నిలబడిపోతారు. ఒక బస్తా ప్లాస్టరు, ఒక డబ్బా తెల్ల సున్నం, మన కోనసీమ మేస్త్రీ ఒక్కడు చాలు, రెండు రోజుల్లో అద్దెకిచ్చేలా చేసి పెడతాడు. ఈ సంగతి వాళ్ళకి ఎవరూ చెప్పినట్టు లేదు. వెళ్ళినప్పుడు మీరు చెప్పండి.

11. కాగితాల జోలికి పోవద్దు.

లైసెన్సు లేని తుపాకీ కువైట్‌లో నేరం. 2015లో ప్రభుత్వం నాలుగు నెలల గడువు పెట్టి, ఇళ్ళలో ఉన్న లైసెన్సు లేని ఆయుధాలు తెచ్చి అప్పగిస్తే కేసు ఉండదని ప్రకటించింది. అలాంటి గడువు ఎప్పుడైనా వచ్చినప్పుడు చివరి రోజు దాకా ఆగండి. చివరి రోజున లైను పొడుగ్గా ఉంటుంది కాబట్టి వెనక్కి వచ్చెయ్యండి. "బుక్రా, ఇన్షా అల్లా." బాబా తుపాకీకి కాగితం ఉందా అని బాబాని అడగొద్దు. ఉంటే ఆ కాగితం మీద నంబరు ఉంటుంది, తుపాకీ మీద నంబరు మీరే గీకేశారు. రెండూ కలవవు. కలవకపోవడానికి మొదటి మెట్టు కలపకపోవడం.

12. బాబా చూసినప్పుడు చెప్పవలసిన మాటలు.

ఇవి ముందే బట్టీ పట్టండి. "మాఫీ ముష్కిల్" అన్నిటికీ పనికొస్తుంది. గొట్టం తెల్లగా ఎందుకైందంటే, "బాబా, వెండి లోపలే ఉంది, పైన దుమ్ము." కిరీటం ఏదంటే, "ఎప్పుడో అరిగిపోయింది, వాతావరణం." చెక్క చీలిందంటే, "ఇరాకీలు." మీట రావడం లేదంటే, భద్రత. వెండి బిళ్ళలేవంటే, బెంగాలీ కుర్రాడు నిన్న తుడిచాడని చెప్పి కళ్ళు దించుకోండి. ఆయన మాట్లాడకుండా తుపాకీని ఒళ్ళో పెట్టుకుని, ముద్ర ఉండే చోట బొటనవేలితో తడుముతూ కూర్చుంటే అది సంతోషం. ఆ సమయంలో గహ్వా పోయండి. జీతం పెంచమని అడగడానికి అదే సరైన ఘడియ.

జీతం మాట ఎత్తాక ఆయన కొడుకుని పిలిచి ఫోన్ తెమ్మంటే, బహుశా మీ పని గురించి చుట్టాలకి చెప్పుకోవడానికే.

13. ప్రయాణం ఏర్పాట్లు.

సెలవు మీద ఊరికి పోతున్నా, ఇంకోలా పోతున్నా, గుర్తుగా ఒక పాత తూటా కీ చైన్‌కి తగిలించి చేతి సంచిలో పెట్టుకోండి. స్కానర్ ముందు నిలబడ్డ ఆఫీసరుకి అది చూపించి జహ్రా కథ చెప్పండి. నమ్మకపోతే ఇరాకీల కథ చెప్పండి. రెండు కథలూ ఒకరికే చెబితే ఇంకా మంచిది, రాసుకునేవాడికి ఎంచుకునే వీలుంటుంది.

ఆ తర్వాత మీరు చేయాల్సిన శ్రమ ఏమీ ఉండదు. వండుకోవక్కర్లేదు, కారు కడగక్కర్లేదు, పొద్దున్నే పిల్లల్ని బడికి దింపక్కర్లేదు. పడుకోవడానికి చోటిస్తారు. మీతో మాట్లాడటానికి ఎంబసీ నుంచి కూడా మనుషులొస్తారు. అకామా (నివాస అనుమతి) రద్దు, లైనులో నిలబడకుండానే అయిపోతుంది. వేలిముద్రలు తీసుకుంటారు, మళ్ళీ కువైట్ గడప తొక్కే పని ఉండదు. టికెట్ ఎవరో ఒకరు కొంటారు. నాలుగేళ్ళు చాకిరీ చేసి సొంత డబ్బుతో టికెట్ కొనుక్కుని పోయేవాడి కంటే మీరు ముందున్నారు. ఏజెంటుకి కట్టడానికి చేసిన అప్పు సంగతి విమానం దిగాక చూసుకోవచ్చు. అప్పిచ్చినవాడు ఎలాగూ ఎదురొస్తాడు.

14. ఊళ్ళో దుకాణం తెరవండి.

బోర్డు మీద ‘కువైట్ రిటర్న్’ అని పెద్దగా, ‘పాత తుపాకులు కొత్తవి చేయబడును’ అని దాని కింద రాయించండి. ఆయుధం ముట్టుకుని బాగుచేయడానికి కూడా 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు కావాలి. ఆ సంగతి బోర్డులో రాయక్కర్లేదు. పనికేమీ తక్కువ ఉండదు. 2019లో చట్టం మార్చి ఒక మనిషికి రెండు తుపాకులే అన్నారు. తాతల నాటి మూడోది ఇంట్లో పెట్టుకుని ఏం చెయ్యాలో తోచనివాళ్ళు ఉంటారు. మూడోదాన్ని రెండోదానితో కలిపి వెల్డింగ్ చేస్తే లెక్క సరిపోతుందని చెప్పండి.

కాలేజీల్లో ఎన్‌సీసీ గదులు కూడా చూడండి. డ్రిల్లుకి వాడే పాత త్రీనాట్‌త్రీల మీద డి.పి. అని కొట్టి ఉంటుంది. పేల్చడానికి పనికిరాదు, కవాతుకి మాత్రమే అని దాని అర్థం. చూడటానికి వికారంగా ఉంటుంది, గ్రైండరు కింద ఒక్క నిమిషంలో పోతుంది. ఇషాపూర్ ఫ్యాక్టరీవి కొన్నిటికి ముందరి చెక్క చుట్టూ తీగ వరసగా బిగించి ఉంటుంది. గ్రెనేడ్లు వదిలేటప్పుడు చెక్క చీలకుండా చుట్టినది. రాగి ధర బాగుంది, ఆ తీగ రాగిదేమో కత్తిరించి చూడండి.

ఇక అసలు సీజను ఎన్నికలు. నోటిఫికేషన్ రాగానే లైసెన్సు తుపాకులు స్టేషన్లో జమ చేయిస్తారు. మండలంలో ఉన్న పాత డబుల్ బ్యారెళ్ళన్నీ నంబరు చీటీలు కట్టుకుని ఒకే గదిలో గోడకి ఆనించి ఉంటాయి. ఇల్లిల్లూ తిరిగే బాధ తప్పుతుంది. ఎస్సై గారికి మీ కార్డు ముందే ఇచ్చి, ఓట్ల లెక్కింపు అయ్యేలోగా అన్నీ మెరిపించి ఇస్తానని మాటివ్వండి. గ్రైండరుకి కరెంటు స్టేషన్‌దే వాడుకోవచ్చు. చీటీలు అడ్డం వస్తే అన్నీ విప్పి ఒక కుప్పగా పక్కన పెట్టుకోండి, పని అయ్యాక చేతికొచ్చిన వరసలో కట్టెయ్యొచ్చు.